అడ్డుకున్నవాడి కథ ఎవరు రాయాలి?

(కథాపాఠం: ఆటగాణ్ణి పాత్రగా రాయడం గురించి)

పోయిన నెల మన క్లబ్ శనివారం కూర్చున్నప్పుడు సెకండియర్ తమ్ముడొకడు కథ చదివాడు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి కథ. మనిషి కల్పితం, జట్టు కల్పితం, జెర్సీ నంబరు కూడా కల్పితమే. కాలేజీ జట్టులో మొదలై, పెద్ద లీగ్‌కి ఎంపికై, పన్నెండేళ్ళు ఆడి రిటైర్ అవుతాడు. ఆడే స్థానం లైన్‌బ్యాకర్, అంటే రక్షణ వైపు. ఏ ఏడు ఏ జట్టు, ఎన్ని మ్యాచులు, ఎంత జీతం, అన్నీ వరుసగా ఉన్నాయి. చదవడం అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు వెనక బెంచీ నుంచి సివిల్ బ్రాంచి చెల్లె అడిగింది.

"అన్నా, అంత మంచిగనే ఉంది గని, ఆయన అసలు ఏం జేస్తడు?"

"ఆపుతడు."

"ఎవర్ని?"

"ఎదురొచ్చేటోణ్ణి."

"ఆపినంక?"

"మళ్ళ ఆపుతడు."

అందరం నవ్వాం. తమ్ముడు కూడా నవ్వాడు గానీ కాగితాలు మడిచి బ్యాగులో పెట్టేశాడు. హాస్టల్‌కి నడిచి పోతుంటే నాకు అనిపించింది, ఆ చెల్లె అడిగింది చాలా పెద్ద ప్రశ్న అని. గోల్ కొట్టినవాడి కథ ఎవరైనా రాస్తారు. ఆపినవాడి కథ రాయడం ఎందుకు ఇంత కష్టం? ఈ పాఠం ఆ ప్రశ్న మీదే. తమ్ముడి కథ బాగోలేదని చెప్పడానికి కాదు, ఆ కథ ఇంకోసారి రాయించడానికి.

1. ముందు ఆట తెలుసుకుందాం

అమెరికన్ ఫుట్‌బాల్ మనకు కొత్త. కబడ్డీ మనకు కొత్త కాదు. కాబట్టి దాని ద్వారానే దీన్ని చూద్దాం.

అమెరికన్ ఫుట్‌బాల్లో ఒక్కో జట్టు నుంచి 11 మంది మైదానంలో ఉంటారు. బంతి ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు, పోలేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. దాడి చేసే 11 మంది వేరు, అడ్డుకునే 11 మంది వేరు. బంతి చేతులు మారితే మనుషులే మారిపోతారు. అంటే రక్షణ ఆటగాడు పన్నెండేళ్ళు ఆడినా ఒక్కసారి కూడా పాయింటు చేయకుండానే రిటైర్ కావచ్చు. అది అతని చేతగానితనం కాదు, అతని పనే అది కాదు.

రక్షణలో ముందు వరుస వాళ్ళు ఎదుటి వరుసతో కలబడతారు. వాళ్ళ వెనక లైన్‌బ్యాకర్లు నిలబడి, బంతి ఎటు పోతుందో కనిపెట్టి అటు దూకుతారు. అంచుల్లో ఉండేవాళ్ళు కార్నర్‌బ్యాకులు, అందరికన్నా వెనక ఉండేవాళ్ళు సేఫ్టీలు. బంతి కదిలిన రెండు మూడు సెకన్లలో ఎటు పోవాలో తేల్చుకోవాలి. తప్పు తేల్చుకుంటే స్టేడియం మొత్తం చూస్తుంది. సరిగ్గా తేల్చుకుంటే ఎదుటివాడు ఆ దిక్కుకే రాడు. రాకపోవడాన్ని ఎవరూ చూడరు.

ఇప్పుడు మన కబడ్డీ. పాత పేరు చెడుగుడు. ఏడుగురు నిలబడతారు. రెండు చివర్ల రెండు కార్నర్లు, వాళ్ళ పక్కన ఇన్‌లు, కవర్లు, నడుమ సెంటర్. కూతకు వచ్చినవాడికి 30 సెకన్ల టైము. ఒక్కణ్ణి ముట్టి గీత దాటితే ఒక పాయింటు, ముగ్గుర్ని ముట్టి దాటితే మూడు. పట్టినవాళ్ళు ఏడుగురైనా వచ్చేది ఒక్క పాయింటే. ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలి ఉన్నప్పుడు పడితే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు.

కార్నర్ చేసే పని గురించి ఒక్క విషయం చెప్తాను, ఎందుకంటే కథకు పనికొచ్చేది ఇదే. ఆరుగురో ఏడుగురో నిలబడి ఉన్నప్పుడు కూతగాడికి బోనస్ గీత ఉంటుంది. ఒక కాలు గీత అవతల పెట్టాలి, రెండో కాలు గాల్లో ఉండాలి. అంటే ఆ క్షణంలో అతని బరువంతా ఒక్క కాలి మీదే. మంచి కార్నర్ ఎదురుచూసేది దానికోసమే. అంతసేపూ వంగి, చేతులు జాపి, ఎనక్కి ఎనక్కి జరుగుతుంటాడు. చూసేవాళ్ళకు భయపడి జరుగుతున్నట్టే ఉంటుంది. ఆ కాలు నేల మీద ఆనగానే మడమ దొరకబుచ్చుకుంటాడు. మనం మెకానిక్స్‌లో చదివింది ఇదే. ఆధారం ఒక్క బిందువు అయినప్పుడు అడుగున కొద్దిపాటి బలం చాలు, మొత్తం నిర్మాణం పడిపోతుంది. మన సిలబస్‌లో అది ఒక సమ్, అతనికి అది అరసెకను.

2. ఒక కల్పిత ఆటగాడు, అతణ్ణి పోషించిన అసలు ఆటగాడు

తమ్ముడు రాసినలాంటి పాత్ర సినిమాలో ఇదివరకే ఉంది. ఆలివర్ స్టోన్ 1999లో తీసిన 'ఎనీ గివెన్ సండే'. అందులో మయామీ షార్క్స్ అనే కల్పిత జట్టు, ఆ జట్టులో లూథర్ లవే అనే లైన్‌బ్యాకర్. ముద్దుపేరు 'షార్క్'. వయసు మీద పడింది. ఇంకో గట్టి దెబ్బ తగిలితే ప్రాణానికే ప్రమాదమని తెలుస్తుంది. కానీ అతని కాంట్రాక్టులో పది లక్షల డాలర్ల బోనస్ ఉంది, దానికి లెక్క ఇంకొంచెం తక్కువపడుతోంది. ఏమైనా బాధ్యత నాదేనని కాగితం మీద సంతకం పెట్టి ఆడతాడు. చివరి మ్యాచులో ఆ లెక్క పూర్తి చేసి, స్ట్రెచర్ మీద బయటికి పోతాడు.

ఈ పాత్ర వేసింది లారెన్స్ టేలర్. ఆయన నటుడు కాదు, న్యూయార్క్ జెయింట్స్‌కి 1981 నుంచి 1993 దాకా ఆడిన అసలు లైన్‌బ్యాకర్. రెండు సూపర్ బౌల్‌లు గెలిచిన జట్లలో ఉన్నాడు. 1986 సీజన్‌కి లీగ్ మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడిగా అసోసియేటెడ్ ప్రెస్ అవార్డు అందుకున్నాడు. ఆ అవార్డు రక్షణ ఆటగాళ్ళకు ఇచ్చింది రెండేసార్లు: 1971లో అలన్ పేజ్‌కి, 1986లో టేలర్‌కి. 1982లో ఒక కిక్కర్‌కి కూడా వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది, సినిమాలో షార్క్ ప్రాణం మీదికి తెచ్చుకునేది లెక్క కోసం. రచయిత ఆ పాత్రకు ఇచ్చిన కోరిక కప్పు కాదు, పేరు కాదు, ఒక అంకె. ఎందుకు? రక్షణ ఆటగాడు చేసిన పనికి అంకె దొరకడమే అరుదు కాబట్టి. కింది భాగం చూస్తే ఇంకా అర్థమవుతుంది.

3. లెక్కలో లేనిది

అమెరికన్ ఫుట్‌బాల్లో బంతి విసరబోయే క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పడగొట్టడాన్ని 'శాక్' అంటారు. ఆ మాట పుట్టించింది లాస్ ఏంజెలెస్ రామ్స్ ఆటగాడు డీకన్ జోన్స్ అని చెప్తారు. 1961 నుంచి 1974 దాకా ఆడాడు, తన కాలంలో క్వార్టర్‌బ్యాకులకు సింహస్వప్నం. కానీ లీగ్ వాళ్ళు వ్యక్తిగతంగా శాక్‌లను అధికారిక లెక్కల్లో రాయడం మొదలుపెట్టింది 1982లో. దాంతో ఆ మాట పుట్టించినవాడి పేరు మీద అధికారిక శాక్‌లు సున్నా. లారెన్స్ టేలర్ ఖాతాలో 132.5 ఉన్నాయి, కానీ మొదటి ఏడాది 1981లో చేసిన 9.5 అందులో కలవవు. చేసిన పని చేసినట్టే ఉంది, రాసే పుస్తకంలో దానికి గడి లేదు.

(ఆ అర పాయింటు ఎక్కడిదంటే, ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం. ఇది నాకు బాగా నచ్చిన సంగతి. సగం పేరును కూడా ఒప్పుకునే లెక్క అది.)

మన దగ్గరికి వద్దాం. ప్రో కబడ్డీ లీగ్ 2014లో మొదలైంది. అప్పటి నుంచి ప్రతి పట్టూ లెక్కలోకి వస్తోంది. ఒక మ్యాచులో పది రైడ్ పాయింట్లు తెస్తే 'సూపర్ 10', అయిదు ట్యాకిల్ పాయింట్లు తెస్తే 'హై 5'. పేర్లలోనే తేడా తెలుస్తుంది, పట్టేవాడికి అయిదే గొప్ప. ప్రదీప్ నర్వాల్ 2019లోనే వెయ్యి రైడ్ పాయింట్లు దాటిన తొలి ఆటగాడయ్యాడు. పట్టులో అందరికన్నా పైన ఉన్న ఇరాన్ ఆటగాడు, లెఫ్ట్ కార్నర్ ఫజల్ అత్రాచలి అయిదువందలు చేరింది 2024లో. ఇద్దరిలో ఎవరు గొప్ప అంటే ఆ అంకెలు చెప్పవు, ఎందుకంటే రెండు పనులకు తూకం రాళ్ళు వేరు.

మన తెలుగు టైటాన్స్ పోస్టర్లు గుర్తు చేసుకోండి. మొదట్లో రాహుల్ చౌదరి, తర్వాత సిద్ధార్థ్ దేశాయ్, ఆ తర్వాత పవన్ సెహ్రావత్. ముగ్గురూ కూతకు పోయేవాళ్ళే. అయితే పరిస్థితి మారట్లేదని కూడా చెప్పలేం. 2023 వేలంలో పవన్‌ని టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొంటే, అదే వేలంలో ఇరాన్ కార్నర్ షాద్లూయీని పుణేరి పల్టన్ 2 కోట్ల 35 లక్షలకు కొన్నది. ధర పెరుగుతోంది. కథే ఇంకా పెరగలేదు. 'ఒక్కడు' నుంచి 'భీమిలి కబడ్డీ జట్టు' దాకా మన సినిమాల్లో కబడ్డీ ఉంది. ఆ సినిమాలు మనకు ఇష్టమే. కానీ కబడ్డీ సీన్ అనగానే మన కళ్ళముందు కదిలేది గీత కోసం చెయ్యి జాపే కూతగాడే. అతని మడమ పట్టుకున్న చెయ్యి ఎవరిదో మనం అడగం.

4. మన మాటలోనే ఉంది

ఇది సినిమా వాళ్ళ తప్పు అనుకున్నాను మొదట. తర్వాత మన భాష వైపు చూశాను.

అభిమన్యుడు పద్మవ్యూహంలోకి చొచ్చుకుపోయిన రోజు తెలుసు కదా. భారతయుద్ధంలో పదమూడో రోజు. వెనకే ధర్మరాజు, భీముడు, నకుల సహదేవులు పోవాలి. వాళ్ళను వ్యూహం ముఖద్వారం దగ్గర ఆపింది ఒక్కడే, సైంధవుడు. అర్జునుడు తప్ప మిగతా పాండవులను ఒక రోజు నిలువరించే వరం శివుడి దగ్గర పొందాడు. ఆ రోజు వాడుకున్నాడు. ధర్మాధర్మాలు పక్కన పెట్టి ఆటలా చూస్తే, ఒక్కడు నలుగురిని, అందులో భీముణ్ణి, పొద్దంతా ఆపడం చిన్న విషయం కాదు. కానీ తెలుగులో సైంధవుడు అంటే ఇప్పుడేంటి? మంచి పనికి అడ్డంపడేవాడు. తిట్టు. లోపలికి పోయి తిరిగి రానివాడు మనకు వీరుడు, వాకిట నిలిచినవాడు తిట్టు.

సైంధవుడు మంచివాడని నా వాదన కాదు. ఆ రోజు ఒక పిల్లవాణ్ణి చుట్టుముట్టి చంపారు, దాన్ని సాధ్యం చేసింది ఆయనే. నా వాదన భాష గురించి. అడ్డంకి, అడ్డుపుల్ల, అడ్డగోలు, అడ్డగాడిద. 'అడ్డు'తో మొదలయ్యే మాటల్లో ఎక్కువ భాగం తిట్లో విసుగులో. మంచి అడ్డులకు మనం వేరే పేర్లు పెట్టుకున్నాం: కంచె, కట్ట, కావలి. జొన్నచేలో మంచె మీద కూచొని వడిసెలతో పిట్టలను కొట్టే పిల్లవాడు రోజంతా ఏం చేశాడు? ఏమీ చేయలేదు, గింజలు మిగిలాయి అంతే.

మన జిల్లాలోనే ఇంకో ఉదాహరణ. నాగార్జునసాగర్ కట్ట. 26 గేట్లు. ఆగస్టులోనో సెప్టెంబరులోనో గేట్లు ఎత్తారంటే నల్లగొండ, పాలమూరు, హైదరాబాద్ నుంచి కార్లు వరుస కడతాయి. మనమూ పోయాం బస్సు మాట్లాడుకొని, ఫొటోలు దిగాం. నీళ్ళు దూకేది చూడ్డానికే పోయాం. మిగతా రోజులన్నీ ఆ కట్ట నీటిని ఆపి నిలబడే ఉంటుంది, ఆ ఆపడం వల్లే కాలువల్లో నీళ్ళు పారుతాయి, వరి నాట్లు పడతాయి. నిలబడి ఉన్న కట్టను చూడ్డానికి ఎవరూ బస్సు మాట్లాడుకోరు. రేపు మనలో చాలామంది చేయబోయే ఉద్యోగాలు కూడా ఇలాంటివే. సర్వర్ ఆగకుండా చూడటం, స్లాబు కూలకుండా చూడటం, కరెంటు పోకుండా చూడటం. సరిగ్గా చేసినన్ని రోజులు నువ్వు ఉన్నట్టు ఎవరికీ తెలీదు.

5. 1–0లో సున్నా ఎవరిది?

ఇక్కడి నేల మీద ఒక అసలు రక్షణ ఆటగాడి కెరీర్ చూద్దాం. సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాద్‌లో పుట్టాడు. మనకు తెలిసిన ఫుట్‌బాల్ ఆటగాడే, డిఫెండర్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశం మొత్తానికి పేరున్న రోజులవి. ఆ హైదరాబాద్ ఫుట్‌బాల్ నుంచి వచ్చి, కలకత్తా పెద్ద క్లబ్బులు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్‌లకు ఆడాడు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలకు భారత జట్టు కెప్టెన్. అక్కడ మూడో స్థానం కోసం జరిగిన మ్యాచులో జపాన్‌ను 1–0తో ఓడించి కంచు పతకం తెచ్చారు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు ఇంకో పతకం రాలేదు. అదే ఏడు ఆయనకు అర్జున అవార్డు, తర్వాత కోచ్‌గా 1990లో ద్రోణాచార్య.

ఇప్పుడు ఆ స్కోరు మళ్ళీ చూడండి. 1–0. ఆ ఒకటి ఎవరిదో స్కోరుబుక్కులో పేరుతో సహా ఉంటుంది, ఏ నిమిషంలో కొట్టాడో కూడా ఉంటుంది. ఆ సున్నా ఎవరిది? సున్నా పక్కన ఎవరి పేరూ రాయరు. కానీ ఆ సున్నా ఒకటిగా మారి ఉంటే కంచు పతకం అంత తేలిగ్గా మెడలో పడేది కాదు. రక్షణ ఆటగాడి జీవితకథ అంటే ఆ సున్నాకు పేర్లు వెతకడమే.

ఇంకో సంఘటన. 1962 జకార్తా ఆసియా క్రీడలు, మన హైదరాబాద్ రహీం సాబ్ కోచ్. దక్షిణ కొరియా మీద ఫైనల్ 2–1తో గెలిచి బంగారు పతకం. రెండు గోల్స్‌లో ఒకటి పి.కె. బెనర్జీది, ఒకటి జర్నైల్ సింగ్‌ది. జర్నైల్ అసలు డిఫెండర్. అంతకుముందు ఒక మ్యాచులో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతణ్ణి రహీం ఫార్వర్డ్‌గా ఆడించాడు, తలకు కట్టుతో గోల్ కొట్టాడు. గొప్ప కథ, కాదనను. కానీ ఆసియాలోకెల్లా గొప్ప డిఫెండర్లలో ఒకడని పేరున్న మనిషి గురించి అందరూ మొదట చెప్పేది ఏంటి? అతను డిఫెండర్‌గా ఆడని రోజు గురించి.

6. ఒంటి మీద మిగిలిన లెక్క

అంకెలు రాయకపోయినా ఒళ్ళు రాసుకుంటుంది.

డేవ్ డ్యూర్సన్ షికాగో బేర్స్ సేఫ్టీ. 1985 సీజన్‌లో సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ఉన్నాడు, ఆ కాలపు గట్టి రక్షణల్లో అదొకటి. 2011లో, తన మెదడును పరిశోధనకు ఇవ్వమని రాసిపెట్టి, ప్రాణం తీసుకున్నాడు. పరీక్షించిన డాక్టర్లు ఏళ్ళ తరబడి తలకు తగిలిన దెబ్బలవల్ల వచ్చే సీటీఈ అనే జబ్బు అందులో ఉందని తేల్చారు. ఆ లీగ్ ఆటగాళ్ళ తలదెబ్బల మీద అమెరికాలో పెద్ద చర్చ నడిచింది, కేసులు పడ్డాయి. సినిమాలో షార్క్ సంతకం పెట్టిన కాగితం కల్పితమే గానీ, ఆ కాగితం వెనక ఉన్న భయం కల్పితం కాదు.

ఇంత దూరం పోనక్కర్లేదు. ఇక్కడ నేను మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

మా నాయిన కబడ్డీ ఆడేవాడు. మాది పాత పాలమూరు జిల్లా, అచ్చంపేట దిక్కు. సంక్రాంతికి, శ్రీరామనవమికి ఊరూరా పోటీలు పెట్టేవాళ్ళు. మ్యాట్లు లేవు, దున్ని నీళ్ళు చల్లిన మట్టి. నాయిన ఎడమ మూల నిలబడేవాడు. ఒకసారి పోటీలో కూతగాడి కాలు పట్టినప్పుడు మిగతావాళ్ళంతా వచ్చి మీద పడ్డారు. మోకాలు అవతలికి తిరిగింది. స్కానింగ్ అంటే అప్పుడు ఎవరికీ తెలీదు. పక్క ఊళ్ళో కట్టు కట్టించుకున్నాడు, నెల రోజులు మంచంలో ఉన్నాడు. తర్వాత ఏడు మా దిక్కు అందరిలాగే బొంబాయి పోయాడు, బిల్డింగ్ పనికి. మెట్లమీద సిమెంటు బస్తా మోస్తే మోకాలు నిలవలేదు. మూడు నెలలకే తిరిగొచ్చాడు. ఇప్పటికీ ఆయన కింద కూచొని అన్నం తినలేడు, ఇంట్లో ఒక్క కుర్చీ ఆయనదే.

చిన్నప్పుడు ఊళ్ళో ముసలోళ్ళు ఆ జట్టు గురించి చెప్తుంటే విన్నాను. ఎప్పుడూ కూతకు పోయినాయన పేరే. ఆయన ఎగిరింది, దూకింది, ముగ్గుర్ని ముట్టి వచ్చింది. "మీ నాయన గూడ ఆడేటోడు" అని మాత్రం అనేవాళ్ళు. 'గూడ'. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

7. అయితే ఎలా రాయాలి?

తమ్ముడి కథ దగ్గరికి తిరిగి వద్దాం. నాకు తోచినవి ఇవి. ఇవి రూల్స్ కావు, మీరు మార్చుకోవచ్చు.

ఒకటి, ఏళ్ళు లెక్కపెట్టొద్దు. పన్నెండేళ్ళ కెరీర్‌ని పన్నెండు పేరాలు చేస్తే అది సర్వీస్ రిజిస్టర్ అవుతుంది. ఒక్క మ్యాచు, ఒక్క పట్టు తీసుకోండి. మిగతా ఏళ్ళు దాని వెనక కనిపించనీయండి.

రెండు, ఎదురుచూపు రాయండి. దాడి చేసేవాడి కథ కదలికలో ఉంటుంది. అడ్డుకునేవాడి కథ పట్టడానికి ముందు ఉంటుంది. ఎదుటివాడి కళ్ళు చూస్తున్నాడా, నడుము చూస్తున్నాడా, కాళ్ళు చూస్తున్నాడా? కళ్ళు మోసం చేస్తాయి, భుజాలు మోసం చేస్తాయి, నడుము అంత తొందరగా మోసం చేయలేదు. ఇది మన కాలేజీ జట్టు కార్నర్‌ని అడిగితే వాడే చెప్పాడు. మీరూ అడగండి. కథ రాసే ముందు పని తెలిసినవాణ్ణి అడగడానికి సిగ్గుపడొద్దు.

మూడు, జరగనిదాన్ని రాయండి. ఇది కష్టం. కార్నర్ గట్టివాడైతే కూతగాడు ఆ దిక్కు పోవడమే మానేస్తాడు. స్కోరుబోర్డు మీద ఆ రోజు అతని పేరున ఒక్క పాయింటూ ఉండదు. చూసేవాళ్ళు ఇవాళ సరిగ్గా ఆడలేదనుకుంటారు. ఆ రోజు రాత్రి అతను ఇంటికి పోయి ఏం చెప్పుకుంటాడు? నాకైతే అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

నాలుగు, గొలుసు రాయండి. పట్టు ఒక్కడిది కాదు. కార్నర్ కాలు పడితే కవర్ వచ్చి అడ్డం నిలబడాలి, లేకపోతే ఈడ్చుకుంటూ గీత దాకా పోతాడు. పాయింటు పడేది ఒక్కడి పేరుకే. మిగిలిన ఆరుగురికీ అర పాయింటు కూడా రాదు. కథలోనైనా వాళ్ళకు ఒక్కో వాక్యం ఇవ్వండి.

అయిదు, ఆట అయిపోయాక ఉండే నలభై ఏళ్ళు మర్చిపోవద్దు. ముప్పై అయిదుకే రిటైర్ అయినవాడికి ఇంకా సగం బతుకు ఉంది. మోకాలు, నడుము, తల, అన్నీ అతనితోనే ఉంటాయి. ఆ కథలో ఆసుపత్రి బిల్లు ఉంటుంది, కుర్చీ ఉంటుంది, టీవీలో వేరేవాళ్ళ ఆట ఉంటుంది.

ఈ అయిదూ పెట్టుకున్నాక పాత్ర అమెరికాలో ఉండాలా, అచ్చంపేటలో ఉండాలా అనేది మీ ఇష్టం. అమెరికా గురించి రాయొద్దని నేను అనను. కానీ అక్కడి లైన్‌బ్యాకర్‌ని రాయాలన్నా ముందు ఇక్కడ మూల నిలబడ్డవాణ్ణి ఒకణ్ణి దగ్గరగా చూడాలి.

8. చివరగా

ఈ వ్యాసం మొదలుపెట్టాక దసరా సెలవులకు ఇంటికి పోయాను. రాత్రి తిన్నాక నాయినను అడిగాను.

"నాయినా, నువ్వు మొత్తం ఎంతమందిని వట్టినవే?"

"ఎవడు లెక్కవెట్టిండు రా."

కాసేపు ఊకున్నాడు. తర్వాత తనే మొదలుపెట్టాడు. దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన జట్టుతో ఆట, పొద్దుగూకుతోంది, ఇటు ముగ్గురే మిగిలారు. వచ్చినోడు ఎడమకాలు ముందుకు పెట్టేముందు కుడి భుజం కొంచెం దించేవాడట. నాయిన పొద్దంతా అది చూసి పెట్టుకున్నాడట. ఎవరికీ చెప్పలేదు. చివరి కూతలో భుజం దిగంగనే పట్టాడు. కుర్చీలో కూచునే చేయి చాచి చూపించాడు, వేళ్ళు మడమ చుట్టూ మూసుకున్నట్టు మూసుకున్నాయి. ముప్పై ఏళ్ళ కింది పట్టు. లోపల్నుంచి అమ్మ "ఈ ముచ్చట నాకెన్నడు జెప్పలే" అంది.

"అడగలే నువ్వు" అన్నాడు నాయిన.

తమ్ముడూ, నీ కథ బ్యాగులోంచి బయటికి తీయి. వచ్చే నెల అందరికీ అభ్యాసం ఇది: మీ ఇంట్లోనో, ఊళ్ళోనో, హాస్టల్లోనో ఏదో ఒకటి ఆపడమే పనిగా బతికిన మనిషి ఒకరిని పట్టుకోండి. ఆటగాడే కానక్కర్లేదు. రాత్రి కావలి ఉండేవాడు కావచ్చు, తూము దగ్గర నీళ్ళు చూసే మనిషి కావచ్చు, తాగొచ్చినవాణ్ణి వాకిట్లో ఆపిన అమ్మ కావచ్చు. ఒక్క ప్రశ్న అడగండి: "నువ్వు ఆపకపోతే ఏమయ్యేది?" చెప్పింది చెప్పినట్టు వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. రెండు పేజీలు మించొద్దు. వచ్చే శనివారాల్లో ఒక్కొక్కటి చదువుకుందాం.